కొలిచి త్రాగు నీరు



స్నాతకుడనగా విద్య ముగించి స్నానమాడినవాడని మన పెద్దల వ్యవహారము. నీటితో ముడివడిన పేరుగల ఈ ఉత్సవమున, నీటిని కొలుచుకొని త్రాగవలసినవారిని గూర్చి మాటాడుట, నేడు పట్టములందుకొనుచున్న నర్సింగు, డయాలసిస్ విద్యార్థినీ విద్యార్థులైన మీలో కొందరికి అనుచితముగ తోచవచ్చును. కాని రేపటినుండి మీ చేతులలోనికి వచ్చువారు వారే గనుక, మంగళవాక్యములను తక్కిన వక్తలకు విడిచి, నేనా విషయమునే ఎత్తుకొనుచున్నాను.

శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస మున్నగు మండలములందు వ్యాపించిన ఉద్దానమునకు ఉద్యానమను మాటనుండియే ఆ పేరు వచ్చినదందురు. కొబ్బరియు జీడియు దట్టముగ పెరుగు ఆ పచ్చని సీమను మూత్రపిండవ్యాధి యేల పట్టినదో పరిశోధకులు నేటికిని నిశ్చయింపజాలకున్నారు. నా ఉద్యోగపు తొలినాళ్ళలో అచ్చటి కొబ్బరిరైతొకనికి డయాలసిస్ మొదలిడితిమి. పొటాషియము, సోడియము, భాస్వరము అని అచ్చువేసిన కాగితమొకటి చేతికిచ్చి, నీరు తగ్గింపుమని హెచ్చరించి, నా ధర్మము నెరవేరినదని నేను తలంచితిని. రెండు దినములు గడచి మూడవనాడు, కాళ్ళలో పట్టు లేక, ఆయనను మంచముపై మోసికొని వచ్చిరి. ఈసీజీ పట్టీమీద తరంగములు గూడారములవలె మొనదేరి నిలిచినవి. మిషనుపై నాలుగు గంటలు గడచి తేరుకొనిన పిమ్మట ఆయన అనిన మాట నేటికిని నా చెవిలో నున్నది: "నీళ్ళు తగ్గించమన్నారని మంచినీళ్ళు ముట్టనేదు బాబూ, కొబ్బరిబొండాలే తాగినాను."

ఆజ్ఞను ఆయన తప్పలేదు. బొండములో పొటాషియ మధికమనియు, రక్తమున అది హెచ్చిన గుండెయే ఆగుననియు ఆయనకు తెలిసిన మాటలలో చెప్పనివాడను నేను. ఆ సాయంకాలము మా పెద్ద నర్సమ్మ ఆయనను కాటాపై నిలిపి, చేతికి చెంబెడు నీళ్ళిచ్చి, ముల్లు జరుగుట చూపి, "ఒంట్లో చేరిన లీటరు నీళ్ళు కిలో బరువు, తాతా. పోయే దారి లేకపోతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి" అనెను. నా కాగితము చేయని పనిని ఆ చెంబు చేసినది.

ఇక ఆ మిషను మాట. కోల్ఫ్ అను డచ్చి వైద్యుడు 1943లో, యుద్ధమధ్యమున, సాసేజిలకు తొడుగు సెలోఫేను గొట్టములతో కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. తొలిరోగులు పెక్కురు మరణింపగా 1945లో ఒక వృద్ధురాలు బ్రదికి బయటపడెను. నాటినుండి యంత్రము ఎంతయో మెరుగుపడినది. అయినను వారమునకు మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున, అది రోగిని కాచునది 12 గంటలే. తక్కిన 156 గంటలు ఇంటివి, వంటింటివి.

కనుక వంట చేయువారెవరో వారిని పిలిపింపుడు. ఆవకాయ విడువనివానిని నీరు విడువుమనుట దప్పికకు దండన వేయుటయే యగును. ముందు ఉప్పు, పిమ్మట నీరు. కూరగాయలను సన్నగ తరిగి, హెచ్చు నీట ఉడికించి, గంజి వార్చినట్లు ఆ నీటిని వార్చివేయవలెనని చేసి చూపుడు. సోడియము తక్కువయని అమ్ము ఉప్పులలో పొటాషియమే చేర్తురు గనుక అది వలదని పేరుపెట్టి చెప్పుడు. నిన్నటివరకు పప్పు, గ్రుడ్డు తగ్గింపుమన్న మనమే, డయాలసిస్ మొదలైనంతనే మాంసకృత్తులు హెచ్చుగ తినుమందుము. కారణము చెప్పనిచో వైద్యులకే నిలుకడ లేదని వారనుకొనుట వింతగాదు.

ఇదంతయు మిషను నాటికి గాదు, మాసములకు ముందే ఆరంభింపవలెను. చేతిలోని సిరను ధమనితో కలుపు ఫిస్టులా 1966నుండి వాడుకలో నున్నది. అది పక్వమగుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. ఆ చేతికి సూది గ్రుచ్చనీయక కాపాడినవారికి మెడలో గొట్టము, దానివెంట వచ్చు జ్వరము చాలవరకు తప్పును. ఆపరేషను పిదప ప్రతి ఉదయమును దానిపై వ్రేళ్ళుంచి, తుమ్మెద ఝంకారమువంటి ఆ కదలికను గుర్తుపట్టుట రోగికి నేర్పుడు; అది ఆగినచో అదే పూట రమ్మనుడు.

"ఒకసారి మిషనెక్కితే ఇంక దిగలేం గదా" అని ప్రతివాడు నడుగును. మూత్రపిండమును చెరచునది మిషను కాదని నిజము చెప్పుడు. మార్పిడి యను దారియు కలదని చెప్పుడు. అన్నియు ఒక్కనాడే చెప్పకుడు. భయపడినవాని చెవికి ఆనాడు ఒక్క మాటకంటె హెచ్చు పట్టదు.

ఆ రైతు ఆమీద నాలుగేండ్లు మా యొద్దకు వచ్చెను, సంచిలో నీరు కొలుచుకొను తన గ్లాసును తెచ్చుకొనుచు. రేపు మీ వార్డునకు వచ్చు తొలి రోగికి కాగితమిచ్చుటకు ముందు, ఇంట నీరు దేనితో త్రాగుదురో అడుగుడు.