జుట్టు మీద చట్టం, చట్టంలో ఒక మాట



భాషా హక్కుల సభలో జుట్టు ప్రస్తావన ఏమిటని మీరు అనుకోవచ్చు. చిత్తగించండి.

అమెరికాలోని న్యూజెర్సీలో 2018 డిసెంబరులో పాఠశాలల కుస్తీ పోటీ జరిగింది. బరిలోకి దిగబోతున్న నల్లజాతి విద్యార్థితో, జటలు కత్తిరించుకో, లేదా ఓటమి ఒప్పుకో అన్నాడు నిర్ణేత. అందరి ఎదుటా కత్తెర పడింది. బిగువైన ఉంగరాల జుట్టు త్వరగా పొడిబారి తెగిపోతుంది. జడలు, జటలు, మెలికలు దానికి రక్షణ. వాటి వెనుక తరాల సంప్రదాయమూ ఉంది.

ఈ అన్యాయానికి న్యాయస్థానాలలో పరిష్కారం సులభంగా దొరకలేదు. జటలు తీయనన్నందుకు ఉద్యోగం కోల్పోయిన ఒక మహిళ పక్షాన నడిచిన వ్యాజ్యంలో 2016లో అట్లాంటాలోని సమాఖ్య అప్పీలు న్యాయస్థానం, మార్చుకోలేని జాతి లక్షణానికే రక్షణ గాని, మార్చుకోగల కేశాలంకరణకు లేదని తీర్పు చెప్పింది. 'మార్చుకోవచ్చు కదా' అనే ఈ వాదం మనకు కొత్తదా? భాష మార్చుకోవచ్చు కదా అని మనతో అనని వారెవరు?

దీనికి జవాబుగా కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం చేసింది. జాతి అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే జుట్టు స్వభావాన్ని, రక్షక కేశాలంకరణలను చేర్చింది. ప్రభుత్వ పాఠశాలలకూ అది వర్తిస్తుంది. న్యూజెర్సీ అదే ఏడాది డిసెంబరులో, ఆ కుస్తీ జరిగి సరిగ్గా ఏడాది నిండిన నాడు, తన చట్టం తెచ్చింది. దేశమంతటికీ వర్తించవలసిన బిల్లును 2022లో ప్రతినిధుల సభ ఆమోదించినా సెనేట్ ఆమోదం దక్కలేదు.

టెక్సస్ చట్టం 2023 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. అది జడలను, జటలను, మెలికలను పేర్కొన్నది, పొడవును పేర్కొనలేదు. హ్యూస్టన్ సమీపంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల, జటలను తలపై ముడిచి కట్టుకున్న విద్యార్థిని, విప్పితే కాలరు దాటుతాయని నెలల తరబడి తన తరగతికి దూరం చేసింది. 2024 ఫిబ్రవరిలో న్యాయమూర్తి, చట్టంలో పొడవు ప్రస్తావన లేదు కనుక పాఠశాల చట్టాన్ని ఉల్లంఘించలేదన్నారు. చట్టం ఉన్నది, హక్కు జారిపోయింది. కారణం, లేని ఒక్క మాట.

దక్షిణాఫ్రికాలో మరొక వెలుగు కనిపిస్తుంది. డర్బన్‌లో దక్షిణ భారత సంతతికి చెందిన బాలిక ముక్కుపుడకను పాఠశాల నిషేధిస్తే, 2007లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం బాలిక పక్షాన నిలిచింది. ఆచారం తప్పనిసరి కాకపోయినా, ఇష్టపడి పాటించినదైనా, దానికి రక్షణ ఉంటుందని చెప్పింది.

ఇక మన సంగతి. రాజ్యాంగం 29వ అధికరణం భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కునిచ్చింది. 1956లో చేరిన 350ఎ అధికరణం మాత్రం, అల్పసంఖ్యాక భాషా వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలు 'ప్రయత్నించాలి' అంటుంది, 'కల్పించాలి' అనదు. నల్లకోటు వేసుకున్న నాటి నుండి ఆ మాట బలహీనత నాకు తెలుస్తూనే ఉంది.

కనుక నా మనవి ఒక్కటే. మీరు వినతిపత్రం వ్రాసేటప్పుడు 'తెలుగుకు న్యాయం చేయండి' అని ఊరుకోవద్దు. ఏ ఊరి బడి, ఏ తరగతి, ఎందరు పిల్లలు, ఎందరు ఉపాధ్యాయులు, ఏ పాఠ్యపుస్తకాలు, ఏ తేదీలోగా అన్నది స్పష్టంగా వ్రాయండి. వ్రాయని మాట మీద న్యాయస్థానంలో నిలబడడం కష్టం.