జీతంలో పట్టుకున్న డబ్బు ఎటు పోతోంది? పీఎఫ్, ఈఎస్ఐ గురించి నాలుగు మాటలు
(కార్మికుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మిల్లులో, కంపెనీలో, ఆసుపత్రిలో పనిచేసే మీలో చాలామంది అడిగే మాట ఒకటే: "జీతంలో ఇంత పట్టుకుంటున్నారు, అది ఎటు పోతోంది?" ముందు ఆ లెక్క చూద్దాం.

బేసిక్, డీఏ కలిపి మీ జీతం నెలకు 12,000 రూపాయలు అనుకోండి. పీఎఫ్ కింద 12 శాతం, అంటే 1,440 మీ దగ్గర పట్టుకుంటారు. యజమాని కూడా అంతే కట్టాలి. ఆయన కట్టేదాంట్లో సుమారు 1,000 మీ పింఛనుకు, మిగతాది మీ పీఎఫ్‌కు పోతుంది. ఈఎస్ఐ కింద మీరిచ్చేది 0.75 శాతం, అంటే 90 రూపాయలు. యజమాని 3.25 శాతం, అంటే 390 కట్టాలి. యజమాని వాటాను మీ జీతంలోంచి కోయకూడదు. కోస్తే అడగండి.

90 రూపాయలకు ఏమొస్తుంది?

నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. మీకే కాదు, భార్య లేదా భర్తకు, పిల్లలకు, మీమీద ఆధారపడ్డ అమ్మానాన్నలకు కూడా వైద్యం అందుతుంది. జబ్బుచేసి సెలవు పెడితే, చందా నిబంధన పూర్తయినవాళ్లకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. మొదటి రెండు కాన్పులకు 26 వారాల ప్రసూతి భత్యం ఉంది. పనిలో దెబ్బ తగిలి పనికి రాలేకపోతే 90 శాతం ఇస్తారు. డాక్టరు సర్టిఫికెట్ మాత్రం జాగ్రత్తగా పెట్టుకోండి.

ఉద్యోగం మారారా? తొందరపడొద్దు

పింఛను రావాలంటే మొత్తం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. వయసు 58 నిండాక నెలనెలా వస్తుంది. ఒకచోట 6 ఏళ్లు, ఇంకోచోట 4 ఏళ్లు చేసినా కలుస్తుంది. కానీ మధ్యలో పింఛను డబ్బు తీసేసుకుంటే ఆ 6 ఏళ్లూ లెక్కలోంచి పోతాయి. అందుకే కొత్త చోట పాత యూఏఎన్ నంబరే ఇచ్చి, ఖాతా ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి.

నామినీ పేరు ఎక్కించారా?

ఉద్యోగంలో ఉండగా సభ్యుడు చనిపోతే కుటుంబానికి 7 లక్షల వరకు బీమా వస్తుంది. దీనికి మీ జీతంలోంచి పైసా పట్టుకోరు. నామినీ లేకపోతే ఇంటివాళ్లు కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. పెళ్లయినవాళ్లు తప్పకుండా మళ్లీ నామినేషన్ ఇవ్వాలి.

ఇవాళే చేయాల్సినవి

1. యూఏఎన్‌కు ఇచ్చిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి. కేవైసీ పూర్తయి ఉంటే చివరిగా జమయిన మొత్తం మెసేజ్‌లో వస్తుంది.
2. ఆ మొత్తాన్ని పే స్లిప్‌తో సరిచూసుకోండి. పట్టుకున్నారు గానీ జమ కాలేదంటే పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యాజమాన్యమే బాధ్యత వహించాలి.
3. ఈఎస్ఐ కార్డులో ఇంట్లోవాళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూడండి.
4. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. క్లెయిమ్‌కు ఫీజు లేదు, దళారికి పైసా ఇవ్వొద్దు.

ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. మీ చెమటలోంచి పోగవుతున్న డబ్బు. సందేహముంటే సిగ్గుపడకుండా అడగండి, పక్కన పనిచేసేవాళ్లకూ చెప్పండి. సెలవు.