గోడ మీది బొమ్మ: పోస్టర్ చిత్రకారుడు ఈశ్వర్

ఈ అంతర్వేది రేవులో వశిష్ఠ దాటి పైకి వెళితే నరసాపురం, ఆపైన పాలకొల్లు. 1938లో ఆ పాలకొల్లులో పుట్టిన కొసనా ఈశ్వరరావు మద్రాసు చేరి, ఈశ్వర్‌గా 2,000కు పైగా సినిమాలకు పోస్టర్లు వేసి, 2021 సెప్టెంబరులో కన్నుమూశారు. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం ఆయనకే దక్కింది. అయినా తెలుగు చిత్రకారుల పేర్లు చెప్పమంటే దామెర్ల రామారావుతో మొదలుపెట్టి బాపు దగ్గర ఆగుతాం. ఈశ్వర్‌ని పబ్లిసిటీ ఖాతాలో వేసి ఊరుకుంటాం. ఆ లెక్క తప్పని నా వాదన.

ఆయన పోస్టర్ వేసిన తొలి సినిమా 'సాక్షి' (1967). దర్శకుడిగా బాపుకూ అదే మొదటిది. మన కోనసీమలోని పులిదిండిలో తీశారు. సినిమా మాత్రం నలుపు తెలుపు. ఆ కాలపు పోస్టర్ పని ఎంత బరువైనదో ఇక్కడే తెలుస్తుంది. నాయిక చీర ఏ రంగో, ఆమె వెనక ఆకాశం ఏ రంగో స్టిల్ ఫొటో చెప్పదు, తెర కూడా చెప్పదు. తేల్చుకోవలసింది కుంచె పట్టినవాడే. ఏ ముఖం పెద్దది కావాలి, ఏది వెనక్కి తగ్గాలి, పేరులోని అక్షరాలు ఏ వొంపు తిరగాలి, ఇవీ అతని నిర్ణయాలే. సైకిల్ మీద పోతున్నవాడి చూపుకి అవన్నీ ఒక్కసారిగా అందాలి. ఫొటో చూసి వేసినదాన్ని సృష్టి అనగలమా అని అడిగేవారికి నా జవాబు ఇదే.

డబ్బిచ్చి వేయించుకున్న ప్రచారం కళ ఎలా అవుతుందన్నది ఇంకా గట్టి ప్రశ్న. అమెరికన్ చిత్రకారుడు బెన్ షాన్ 1942లో యుద్ధ సమాచార శాఖ కోసం, చెక్ గ్రామం లిడిసేలో నాజీల మారణకాండ మీద ఒక పోస్టర్ వేశాడు. ఇటుక గోడ ముందు ముసుగు కప్పిన మనిషి, సంకెళ్ల చేతులు, బిగించిన పిడికిళ్లు. అదీ ప్రభుత్వం వేయించిన ప్రచారమే. ఈనాడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. వేయించినవాడెవడన్నది కళకు కొలత కాదు. ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. షాన్ ముఖం దాచగలిగాడు, మన పోస్టర్‌లో హీరో ముఖం దాచే వీల్లేదు. ఆ కట్టుబాటు వల్ల చాలా పోస్టర్లు ఒకే మూసలో పడ్డాయి. అన్నీ గొప్పవని నేను అనను. ఆ ఇరుకులోనే కొత్త కూర్పు వెతికిన బొమ్మల్ని బట్టి మనం ఆయన్ని అంచనా కట్టాలి.

అంచనా కట్టాలంటే బొమ్మలు మిగలాలి కదా. దామెర్ల 1925లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే పోయినా, రాజమండ్రి గ్యాలరీ ఉంది గనక ఆయన్ని చూడగలుగుతున్నాం. పోస్టర్ గతి వేరు. మైదా జిగురుతో అతికించిన కాగితం మీద వచ్చే వారం ఇంకో కాగితం పడుతుంది. ఈశ్వర్ తన వృత్తి చరిత్రను 'సినిమా పోస్టర్' పుస్తకంగా రాసిపెట్టారు, అది మన అదృష్టం. పుస్తకం ఉన్నా అసలు కాగితాలు కావాలి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి చుట్టుపక్కల పాత సినిమా హాళ్ల వాళ్లకు నా మనవి: అటక మీద మడతపెట్టిన పోస్టర్లు ఉంటే తూకానికి అమ్మకండి. దగ్గరలోని గ్రంథాలయానికి ఇవ్వండి.