డప్పు వేడి కంప్యూటర్‌కు తెలిసేనా?



మన సారంగాపూర్ వైపు మల్లన్న పట్నాలకు ఒగ్గు కథ చెప్పేటప్పుడు ఈసారి డోలు మీద చెవి పెట్టండి. కథకుడు గొంతు తగ్గిస్తే దెబ్బ మెత్తబడుతుంది, పెంచితే ముదురుతుంది. ఆ వాయిద్యకారుడి ముందు కాగితం ఉండదు. కథకుడి ముఖం చూసే వాయిస్తాడు.

కానీ ఇప్పుడు సినిమా పాటలు చాలావరకు కంప్యూటర్ ముందే రూపం పోసుకుంటున్నాయి. ఒక్కో స్వరాన్ని నిజమైన కళాకారుడితో మెల్లగా, గట్టిగా, రకరకాలుగా వాయింపజేసి రికార్డు చేసి పెడతారు. అవే శాంపిల్స్. కీబోర్డు మీట ఎంత గట్టిగా నొక్కితే దానికి తగిన శాంపిల్ పలుకుతుంది. వాద్యాల నుంచి కంప్యూటర్‌కు సంకేతాలు పంపే, 1983లో వచ్చిన మిడి (MIDI) పద్ధతిలో ఆ బలానికి 127 మెట్లే. 2020 నాటి మిడి 2.0లో అవి 65 వేలు దాటాయి. నోట్‌పెర్ఫార్మర్ వంటి సాఫ్ట్‌వేర్ అయితే రాబోయే స్వరాలను ముందే చూసుకుని, ఒక్కోదాన్ని ఎలా పలకాలో నిర్ణయించుకుంటుంది. వాద్యబృందాన్ని పిలిపించే స్తోమత లేని కుర్రాడు కూడా తాను రాసుకున్నది నలభై వయొలిన్లపై వినగలుగుతున్నాడు. ఇది గొప్ప వరమే.

మరి డప్పు సంగతి? వాయించే ముందు దాన్ని మంట దగ్గర కాపుతారు. తోలు బిగిసి ఖంగుమంటుంది. వాయిస్తూ పోతే మెల్లగా వదులవుతుంది, నాదం దిగుతుంది, మళ్లీ మంట దగ్గరికి వెళ్లాలి. కుడిచేతి చిర్ర, ఎడమచేతి చిటికెన పుల్ల వేర్వేరుగా మాట్లాడతాయి. కంప్యూటర్ డప్పు మొదటి దెబ్బ నుంచి చివరిదాకా ఒకే వేడి మీద ఉంటుంది. పాట వింటూ ఈ తేడా పట్టుకోండి. ఒకసారి పట్టుకుంటే చెవి ఇక మరచిపోదు.

గొంతు విషయమూ అంతే. సిరిసిల్ల ప్రాంతంలో తీసిన ‘బలగం’ (2023) సినిమా చివరి పాటను బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్యలతోనే పాడించారు. సరైన నిర్ణయం. ఆ గొంతులకు బదులు లేదు.

కంప్యూటర్ ఇంకా మెరుగవుతుంది, సందేహం లేదు. కానీ అది నేర్చుకునేది రికార్డు చేసి ఇచ్చినదాని నుంచే. పియానో, వయొలిన్లకు ఉన్నంత శ్రద్ధగల శాంపిల్స్ మన ఒగ్గు డోలుకు, కిన్నెరకు కూడా కావాలి. సంగీతం నేర్చుకుంటున్న జగిత్యాల, కోరుట్ల యువకులారా, మీ ఊరి డప్పు కళాకారుడి దగ్గరికి మైకు తీసుకెళ్లండి. కాపిన డప్పునూ, వదులైన డప్పునూ రెండింటినీ రికార్డు చేయండి. ఆయన పేరు రాయండి, ఆయన పనికి డబ్బు ఇవ్వండి.