పాల ప్యాకెట్టు మూల



పోయిన వానాకాలం మా వీధి మురుగుకాలవ పొంగి, నీళ్ళు వరండా దాటి మా అత్తగారి మంచం కోళ్ళదాకా వచ్చాయి. ఆవిడ లేచి నడవలేని మనిషి. మావారూ, అబ్బాయీ మంచంతో సహా ఎత్తి హాల్లోకి చేర్చారు. నేను మున్సిపాలిటీ వాళ్ళని నోటికొచ్చినట్టల్లా తిట్టాను. మర్నాడు పూడిక తీసే మనిషి వచ్చాడు. కర్రతో పొడిచి పొడిచి, చివరికి ఒట్టి చెయ్యి పెట్టి లాగితే వచ్చినవేమిటనుకున్నారు? కవర్లు. జడలు జడలుగా అల్లుకుపోయి వున్నాయి. గట్టుమీద కుప్ప పోస్తూంటే అందులో మా అమ్మాయి పెళ్ళికి తాంబూలాలు పెట్టిచ్చిన కవరొకటి కనబడింది. వధూవరుల పేర్లు అక్షరం చెరగలేదు. ఇంక నేనేం మాట్లాడను?

ఆ రోజు సాయంత్రం కూర్చుని మా ఇంట్లోకి వచ్చే కవర్లు లెక్కపెట్టాను. పాలే రోజుకి రెండు ప్యాకెట్లు. అంటే ఏడాదికి 730. ఆపైన నూనె, పప్పులు, కూరలు, అబ్బాయి చిరుతిళ్ళు. మనమేమో అన్నీ కలిపి ఒకే బుట్టలో పడేసి, చెత్తబండి వాడికి అప్పగించి చేతులు కడుక్కుంటాం.

అన్ని కవర్లూ ఒక జాతివి కావండీ. పాల ప్యాకెట్టు పాలిథిన్. శుభ్రంగా వుంటే పాతసామాన్ల కొట్టువాడు తూకానికి తీసుకుంటాడు. అవి ముక్కలై, కరిగి, గుళికలై మళ్ళీ ఏ చెత్తసంచులుగానో, పైపులుగానో తయారవుతాయి. లోపల వెండిరేకులా మెరిసే చిప్స్ ప్యాకెట్టు అలా కాదు. రెండు మూడు రకాల పొరలు అంటించి చేస్తారు, వాటిని విడదీయడం మహా కష్టం. అంచేత కొట్టువాడు ముట్టుకోడు. మహా అయితే సిమెంటు ఫ్యాక్టరీ కొలిమికి పోతుంది. వాటి విషయంలో తక్కువ కొనడమొక్కటే మందు. అయిదేసి రూపాయల ప్యాకెట్లు పది కొనేకంటే, ఆదివారంనాడు ఓ డబ్బాడు జంతికలు చేసుకుంటే సరి. ఓపికుంటేనే లెండి.

అన్నట్టు, మీరు పాల ప్యాకెట్టు ఎలా కత్తిరిస్తారు? మూల చటుక్కున కోసేసి, ఆ చిన్న ముక్క సింకులోనో, కూరగాయల తొక్కుల్లోనో పడేస్తాం. నేనూ ఇన్నేళ్ళూ అంతే. గోరంత ముక్కని ఎవరు ఏరతారు? తొక్కులతోపాటు ఎరువుగుంటలోకో, నీళ్ళతోపాటు కాలవలోకో పోతుంది. ముక్క ఊడిరాకుండా సగం దాకా గాటు పెడితే చాలు, పాలు చక్కగానే వస్తాయి. తరవాత కాసిని నీళ్ళు పోసి తొలిచి, ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసి, ప్యాకెట్టు బట్టల తీగమీద క్లిప్పు పెట్టి ఆరవెయ్యడమే. నూనె ప్యాకెట్టయితే కత్తిరించి పరిచి, చెంచాడు శనగపిండితో రుద్దితే జిడ్డు వదులుతుంది. మొదట్లో మావారు "దండెం మీద పట్టుచీరలు వుండాల్సిన చోట ఇవేమిటే" అని నవ్వారు. ఇప్పుడు ఆయనే తీసి మడతపెడుతున్నారు.

ఇంక అన్నం మిగిలితే కవర్లో మూటకట్టి గోడవతల పెట్టే అలవాటుంది చూశారూ, అది మానాలి. ఆవు ముడి విప్పుకోలేదు కదా, కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి పోదు. పుట్టపర్తిలో మూగజీవాలకి వైద్యం చేసే కరుణ సొసైటీ వారు ఇలాంటి ఆవుల కడుపులు కోసి ప్లాస్టిక్కు తీసి తీసి, 2012లో సుప్రీంకోర్టుకే వెళ్ళారు. పుణ్యమనుకుని పెట్టిన అన్నం ఇలా అవుతుందని మనకి తోచదు.

చట్టం లేకపోలేదు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకంటే పల్చని చేతిసంచులు నిషిద్ధం. మిఠాయి పెట్టెలకీ, శుభలేఖలకీ చుట్టే పల్చని ప్లాస్టిక్కు అదే ఏడు జూలై 1 నుంచే కూడదన్నారు. అయినా బజారులో పావుకిలో పచ్చిమిరపకాయలు కొంటే పల్చటి కవరే చేతికొస్తుంది. చెత్త ఏరుకునేవాళ్ళు కూడా వాటిని వదిలేస్తారు. ఎన్ని ఏరినా బరువు తూగవు మరి.

మా సందు చివర కర్రీ పాయింటులో సలసలకాగే సాంబారు కవర్లో పోసి ముడేసి ఇస్తారు. ఇప్పుడు నేను స్టీలు క్యారియరు పట్టుకెడుతున్నాను. మొదటిరోజు కొట్టబ్బాయి వింతగా చూశాడు. మూడోవారానికి "అమ్మా, గిన్నె తెచ్చినవాళ్ళకి గరిటెడు ఎక్కువే పడుతుంది, కవరు ఖర్చు లేదుగా" అన్నాడు. ఇప్పుడు పక్కింటావిడ కూడా గిన్నె పట్టుకుని నాతో వస్తోంది, గరిటెడు సాంబారు కోసమేననుకోండి.

ముసురు రోజుల్లో మాత్రం కవర్లు ఓ పట్టాన ఆరవు. తొందరపడి గ్యాసుపొయ్యి పక్కన పెట్టకండి. వంటింటి కిటికీ చువ్వలకి దారం కట్టి వేలాడదీస్తే రెండోరోజుకి ఆరతాయి. తడివి కట్టకడితే కంపు కొడతాయి, కొట్టువాడు తీసుకోడు.