దయ్యాల సినిమా చూసిన రాత్రి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీద ఉన్నారు. అందుచేత నేను దయ్యాల గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, మనమింకా దయ్యాలం కాలేదని రుజువు చేసుకునేవాళ్లం. ఈ విషయం మీద మాట్లాడే అర్హత మనకు కాక ఇంకెవరికి ఉంటుంది?

మొన్న వేసవిలో మేం నలుగురు మిత్రులం ఒక రాత్రి కూర్చుని జపాను వారి దయ్యాల సినిమా చూశాం. నలుగురిలో ఒకరు లెక్కల మాస్టారు, ఒకరు హెడ్ క్లర్కుగారు, ఒకరు పశువుల డాక్టరుగారు. నాలుగోవాణ్ణి నేను. సినిమా చూసింది మాస్టారి ఇంట్లో. ఆయన శ్రీమతి కాలం చేసి అప్పటికి రెండేళ్లయింది. ఒక్కగానొక్క కొడుకు జపానులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండీ" అని మాస్టారు పార్కు బెంచీ మీద ఒకటికి రెండుసార్లు అన్నారు. మన వయసులో అది కొత్త ఫిర్యాదు కాదు గనుక మేం పట్టించుకోలేదు. మూడోసారి అన్నప్పుడు డాక్టరుగారు, "అయితే మేమూ వచ్చి మేలుకుంటాం" అన్నారు. అలా కుదిరింది ఆ రాత్రి.

సినిమా సలహా మాస్టారి అబ్బాయిది. జపానులో దయ్యాల కథలకు వేసవే అదనట. ఆగస్టు నడిమధ్యన అక్కడ 'ఓబోన్' అనే పండుగ వస్తుంది. పోయిన పెద్దలు ఆ రోజుల్లో ఇంటికి వస్తారని దీపాలతో ఆహ్వానించి, మళ్లీ దీపాలతోనే సాగనంపుతారు. మన మహాలయ పక్షం లాంటిదన్నమాట. పూర్వం వాళ్లకు ఇంకో సరదా ఉండేది. రాత్రిపూట స్నేహితులంతా చేరి నూరు వత్తులు వెలిగించేవారు. ఒక్కొక్కరు ఒక్కో దయ్యం కథ చెప్పి, కథకో వత్తి చొప్పున ఆర్పేవారు. నూరో వత్తి ఆరితే నిజంగానే ఏదో వచ్చేస్తుందని తొంభైతొమ్మిదితో ఆపేసేవారట. మాకు అన్ని వత్తులు అక్కర్లేకపోయింది. హాల్లో ట్యూబులైటు ఆర్పగానే హెడ్ క్లర్కుగారు నా పక్కకు జరిగారు.

సినిమా పేరు 'క్వైదాన్'. దయ్యాల కథలని అర్థం. మసాకి కొబయాషి తీశారు. 1965లో కాన్ చిత్రోత్సవంలో బహుమతి పొందింది. మూడు గంటల సినిమా, నాలుగు కథలు. ఆ కథలను పుస్తకాల్లోకి ఎక్కించినాయన జపానువాడు కాదు. లఫ్కాడియో హెర్న్ అని, 1850లో గ్రీసు దీవిలో పుట్టి, ఐర్లండులో పెరిగి, అమెరికాలో పత్రికల్లో పనిచేసి, నలభయ్యో ఏట 1890లో జపాను చేరాడు. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ అక్కడి పిల్లనే పెళ్లాడి, పేరు కూడా కొయిజుమి యకుమో అని మార్చుకున్నాడు. ఆయనకు చాలా కథలు చెప్పింది ఆయన భార్య సెత్సు. 'క్వైదాన్' పుస్తకం 1904లో వచ్చింది. ఆ ఏడే ఆయన పోయాడు.

ఇక మొదటి కథ. క్యోటో నగరంలో ఒక పేద సమురాయి. మగ్గం నేసి ఇల్లు నడిపే భార్య. పేదరికం భరించలేక అతడు ఆమెను వదిలేసి, పెద్దింటి పిల్లను చేసుకుని, ఉద్యోగం సంపాదించి దూరప్రాంతం వెళ్లిపోతాడు. అక్కడ సుఖం లేదు. పాత భార్యే గుర్తొస్తుంది. ఏళ్ల తరువాత తిరిగి వస్తాడు. వాకిట్లో గడ్డి మొలిచి ఇల్లు పాడుపడి ఉంది. లోపల మాత్రం దీపం వెలుగుతోంది. ఆమె అదే నల్లని జుట్టుతో పని చేసుకుంటూ కూర్చుని ఉంది. ఒక్క నిష్ఠూరం ఆడదు. ఆదరంగా మాట్లాడుతుంది. తెల్లవారి లేచి చూస్తే పక్కనున్నది ఎముకల గూడు, ఆ నల్లని జుట్టు.

డాక్టరుగారు, "ఏళ్లు గడిచినా జుట్టు నెరవనప్పుడే అనుమానించాల్సింది" అన్నారు. మేం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. లేచి లైటు వేసి, గోడకున్న ఫొటో వైపు చూస్తూ నిలబడ్డారు. తరువాత ఆయన చెప్పిన మాటలు ఆయన అనుమతితోనే ఇక్కడ చెబుతున్నాను. ఆయన మీ మధ్యనే, మూడో వరుసలో కూర్చుని ఉన్నారు.

"1989లో హెడ్మాస్టరు ప్రమోషన్ మీద వేరే జిల్లాకు వెళ్లాను. మా అమ్మను చూసుకోవాలని, బాబు చదువని ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. నెలకోసారి వచ్చేవాణ్ణి. 'బదిలీకి ఎప్పుడు పెట్టుకుంటారు' అని అడిగేది. వచ్చే ఏడు అనేవాణ్ణి. మధ్యలో ఒకసారి అవకాశం వచ్చింది కూడా. అక్కడ నాకు మంచి పేరుందని వద్దన్నాను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. పదేళ్లు గడిచాయి. తిరిగొచ్చిన రోజున ఆ సినిమాలో ఆవిడలాగే ఒక్క మాట అనలేదు. కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టింది. ఆనాడు తిట్టి ఉంటే నాకు ఈనాడు నిద్ర పట్టేదండీ."

ఎవరమూ ఓదార్చలేదు. ఏమని ఓదారుస్తాం? మనలో ఎంతమందిమి ఆ బదిలీ ఆర్డరు జేబులో పెట్టుకుని బస్సెక్కిన వాళ్లం కాము? హెడ్ క్లర్కుగారు తల వంచుకుని, "నాదీ అదే కేసండీ మాస్టారూ" అన్నారు. డాక్టరుగారు కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లి, పంచదార కనబడడం లేదని కేకేశారు. "రెండో అరలో మూడో డబ్బా. ఆవిడ పెట్టిన చోటే ఉంది" అన్నారు మాస్టారు.

కాఫీ తాగి మిగతా సినిమా చూశాం. మూడో కథలో హోయిచి అనే గుడ్డి గాయకుణ్ణి, 1185లో సముద్ర యుద్ధంలో నశించిన హెయికె వంశం వారి ప్రేతాలు రాత్రిళ్లు పిలిపించుకుని తమ కథ పాడించుకుంటాయి. అతణ్ణి కాపాడడానికి గుడి పూజారి అతని ఒంటినిండా ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం రాయిస్తాడు. చెవుల మీద రాయడం మరిచిపోతారు. ప్రేతం ఆ చెవులే తెంపుకుపోతుంది. "చూశారా, ఫారం అంతా నింపి ఒక్క కాలం వదిలేస్తే ఇంతే" అన్నారు హెడ్ క్లర్కుగారు. అప్పుడు మాస్టారు కూడా నవ్వారు. ఆ నవ్వు తరువాత ఒక మాటన్నారు. "పాపం, ఆ ప్రేతాలకు కావలసింది తమ కథ ఎవరైనా చెప్పడమే కదండీ."

చిన్నప్పుడు చందమామలో చదువుకున్న భేతాళుడు గుర్తొచ్చాడు నాకు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుందనేవాడు. మాస్టారి తల రెండేళ్లుగా పగులుతోంది. మేం రోజూ పార్కులో పక్కనే కూర్చుని బి.పి. మాత్రల గురించి మాట్లాడుకున్నాం.

సినిమా అయ్యేసరికి రెండు దాటింది. ఇళ్లకు వెళ్లకుండా హాల్లోనే చాపలు పరుచుకున్నాం. కాసేపటికి గురక వినబడింది. అది మాస్టారిది.

తెల్లవారి ఇంటికి వెళ్లి, వాకిట్లో ముగ్గు వేస్తున్న మా ఆవిడను అడిగాను. "నేను బయటి జిల్లాల్లో ఉన్న రోజుల్లో నీకెలా గడిచేదే?" అని. "ఇప్పుడా అడగడం? ముందు పాలు తెండి" అంది. పాలు తెచ్చాను. పొయ్యి మీద పెట్టి చెప్పడం మొదలెట్టింది. పాలు పొంగిపోయినా ఆపలేదు. నాకు తెలియని సంగతులు చాలా విన్నాను. కొన్ని వినడం కష్టమైంది. అయినా అవి బతికున్న మనిషి నోట విన్నాను. మాస్టారికి దక్కనిది నాకు దక్కింది.

సోదరులారా, నేను కోరేది రెండే. ఇంట్లో అడగవలసిన మనిషి ఉన్నవాళ్లు ఈ రాత్రే అడగండి. మనిషి లేని ఇంట్లో ఒంటరిగా ఉన్న మన సభ్యుల పేర్లు కార్యదర్శిగారి రిజిస్టరులో ఉన్నాయి. వారానికో రాత్రి వెళ్లి వాళ్లతో కూర్చోండి. దయ్యాల సినిమా అయినా సరే, పేకాట అయినా సరే. మేం నలుగురం ఇప్పుడు ప్రతి శనివారం కలుస్తున్నాం. కాఫీ డాక్టరుగారే పెడతారు. పంచదార డబ్బా ఇప్పటికీ మూడోదే.