ఉప్పులో ఎవరు కలపాలి?



ఆరోగ్యం, సాహిత్యం ఒకే పందిరి కింద కలుసుకున్న సదస్సు ఇది. ప్రజారోగ్య విధానాలు జనం బాగు కోసం ఎలా పనిచేస్తాయో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. విధానం అనగానే దస్త్రాలు, జీవోలు కళ్ల ముందు మెదులుతాయి. నేను మాత్రం మన పొయ్యి పక్కనుండే ఉప్పు డబ్బా గురించి మాట్లాడతాను. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అందట ఉప్పు. ప్రజారోగ్యంలోనూ ఆ మాట అక్షరాలా నిజమైంది.

శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారిని ముందుగా తలచుకోవాలి. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్నారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టర్‌గా, భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఉప్పుటేర్ల జిల్లాలో పుట్టిన ఈ మనిషి హిమాలయాల కింది కాంగ్రా లోయలో చేసిన పని దేశంలో ప్రతి వంటింటినీ తాకింది.

ఆ లోయలాంటి కొండవాలు నేలల్లోని అయోడిన్‌ను వానలు, వరదలు ఏటేటా కడిగేస్తాయి. ఆ నేలలో పండిన పంటలోనూ అది చాలినంత ఉండదు. అయోడిన్ చాలక మెడ ముందు గ్రంథి ఉబ్బుతుంది. అదే గాయిటర్. మెడవాపు పైకి కనిపించేది. కనిపించని నష్టం అంతకన్నా పెద్దది. కడుపుతో ఉన్న తల్లికి అయోడిన్ చాలకపోతే బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదు. లోటు మరీ ఎక్కువైన చోట చెవుడు, మూగతనం, మరుగుజ్జుతనంతో పిల్లలు పుడతారు. ఇంత కీడును ఆపడానికి పెద్దవారికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. డెబ్బై ఏళ్ల బతుకుకు కావలసిన అయోడినంతా కలిపినా ఒక చెంచా నిండదు.

1956లో మొదలైన రామలింగస్వామి గారి కాంగ్రా అధ్యయనంలో లోయను మూడు మండలాలుగా విడదీశారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. మొదట్లో మూడు చోట్లా బడిపిల్లల్లో నూటికి దాదాపు 38 మందికి గాయిటర్ ఉంది. 1962 నాటికి అయోడిన్ ఉప్పు తిన్న రెండు మండలాల్లో అది సగానికి, అంతకన్నా కిందికి దిగింది. మామూలు ఉప్పు తిన్నచోట ఎక్కడిదక్కడే ఉంది. తర్వాత ఆ మండలానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గింది. ఎవరూ మాత్ర మింగలేదు, సూది వేయించుకోలేదు. రోజూ తినే అన్నంలోనే మందు చేరింది.

1962లోనే కేంద్రం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. మొదట కొండ ప్రాంతాలకే పరిమితమైన పథకం, మైదానాల్లోనూ ఈ లోటు ఉందని తేలాక 1980లలో దేశమంతటి ఉప్పుకూ విస్తరించింది. అయోడిన్ లేని తినే ఉప్పు అమ్మరాదని 1990ల చివర నిషేధం వచ్చింది. ఎవరు ఏ ఉప్పు తినాలో ప్రభుత్వం శాసించడమేమిటన్న వాదనతో 2000లో దాన్ని ఎత్తేశారు. అయోడిన్ ఉప్పు వాడకం పడిపోయింది. 2006 మేలో నిషేధం మళ్లీ అమల్లోకి వచ్చింది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిళ్లకు తొమ్మిదిళ్లకు పైగా అయోడిన్ ఉప్పు కనిపించింది. సడలించిన ఆ కొద్ది సంవత్సరాల్లో కడుపులో పెరిగిన బిడ్డలకు మాత్రం ఏ సవరణా వెనక్కి వెళ్లి మేలు చేయలేదు. విధానంలో సడలింపు ఎవరి ఒంటి మీద పడుతుందో ఇక్కడే తెలుస్తుంది.

మన దగ్గరి సంగతికొస్తాను. నౌపడ, చినగంజాం ఉప్పు మడుల పుణ్యమా అని మనకు కళ్లుప్పు అలవాటు. ఆవకాయ కలిపేటప్పుడు ప్యాకెట్ ఉప్పును దగ్గరికి రానివ్వని ఇళ్లు ఎన్నో. సముద్రపు ఉప్పులో అయోడిన్ దానంతటదే ఉంటుందని చదువుకున్నవాళ్లూ నమ్ముతారు. నిజానికి ఎండగట్టిన సముద్రపు ఉప్పులో మిగిలే అయోడిన్ మన అవసరానికి ఏమాత్రం చాలదు.

కొన్నేళ్ల కిందట కోస్తాలో ఒక పల్లె బడికి వెళ్లాను. పిల్లల్ని ఇంటి నుంచి చెంచాడు ఉప్పు పొట్లం కట్టి తెమ్మన్నాం. బల్ల మీద వరసగా కాగితాలు పరిచాం. ఆశా కార్యకర్త అయోడిన్ ఉందో లేదో తేల్చే ద్రావణం ఉన్న చిన్న సీసా తీసి ఒక్కో పొట్లం మీద ఒక్కో చుక్క వేసింది. ప్యాకెట్ ఉప్పు చూస్తుండగానే ఊదారంగుకు తిరిగింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక పాప తెచ్చిన కళ్లుప్పు తెల్లగానే ఉండిపోయింది. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "మా ఉప్పు మంచిది కాదా సార్?" అంది. "మంచిదేనమ్మా, అందులో ఒకటి కలపడం మరిచారు" అన్నాను. "ఎవరు కలపాలి సార్? మా అమ్మా?" అని అడిగింది.

ప్రజారోగ్య విధానం మొత్తం ఆ పసిదాని ప్రశ్నలో ఉంది. కలపాల్సింది వాళ్లమ్మ కాదు. ఆమె కూలికి వెళ్లి, దారిలో దొరికిన ఉప్పు కొని, పొద్దుగూకాక వంట చేసుకుంటుంది. ఉప్పు ఆమె చేతికి వచ్చేసరికే మేలు అందులో ఉండాలి. కళ్లుప్పు మీదా అయోడిన్ చల్లవచ్చు. చిన్న ఉప్పు రైతుకు ఆ యంత్రం, ఆ రసాయనం అందించడం ప్రభుత్వం పని. తయారీ దగ్గరా, తినేవారి దగ్గరా ఉప్పులో తగినంత అయోడిన్ ఉందో లేదో అడపాదడపా పరీక్షించడం అధికారుల పని. పేదవాడి తెలివిని, తీరికను, డబ్బును అడగకుండా మేలు చేసేదే మంచి విధానం అని నా గట్టి నమ్మకం.

ఇదే ఉప్పు మితిమీరితే రక్తపోటు పెంచుతుంది. రోజుకు 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తినేది తగ్గించాలి, తిన్నదాంట్లో అయోడిన్ ఉండాలి. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డురాకుండా పచ్చళ్లు ఇష్టపడే మన జనానికి చెప్పాలంటే చట్టం ఒక్కటే చాలదు, భాష కావాలి.

అందుకే ఈ సభలోని రచయితలకు నా విన్నపం. వైద్య పరిశోధన ఇంగ్లిషులో పుట్టి ఇంగ్లిషులోనే ఆగిపోతోంది. తెలుగులో వచ్చేది చాలావరకు కరపత్రపు తెలుగు, చదివిన తల్లికి తన ఇల్లు అందులో కనబడదు. కథ రాసేవారు కథలో, పాఠం రాసేవారు పాఠంలో, పత్రికల్లో రాసేవారు వంటల పేజీలోనైనా ఈ సంగతులు మనుషుల మాటల్లో చెప్పండి. వైద్యులారా, మీకు తెలిసింది వాళ్లతో కూర్చుని చెప్పండి. పరిశోధకులారా, రామలింగస్వామి గారి కాంగ్రా కథను మన పిల్లలు తెలుగులో చదువుకునేలా రాయండి.

ఇవాళ ఇంటికెళ్లాక మీ ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ ఉప్పును తెలిపే నవ్వే సూర్యుడి గుర్తు ఉందేమో చూడండి. ఉంటే ఆ ఉప్పును డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించండి. లేకపోతే మీ వీధి కొట్టతణ్ణి అడగండి, అతను చెప్పకపోతే అధికారిని అడగండి. అడిగేవాళ్లున్న ఊళ్లోనే విధానం అమలవుతుంది.